జాబిలికి నూరు, మేరువుకు అరవై ఒకటి

1వ రోజు

నీటిమండలి పడవ పొద్దున్నే వచ్చింది. రెండు లాప్‌టాప్‌లు దిగాయి.

ఏరు సముద్రంలో కలిసే చోట కట్టుకున్న మా మూడో గట్టుకు పన్నెండేళ్ళకొకసారి ఒక కొత్త యంత్రం ఇస్తారు. పాతదాని మీటలు ఉప్పు పట్టి సగం బిగుసుకుపోయాయి. ఈసారి మండలి వాళ్ళు రెండు వేర్వేరు రకాలు పంపారు. ఇరవై నాలుగు రోజులు రెండింటినీ వాడి చూసి, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నారు. ఏది ఉంచుకోవాలో తేల్చే పని నాకు అప్పగించారు. గట్టు మీద రాయడం వచ్చినవాళ్ళం ఆరుగురం. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. తొమ్మిదేళ్ళు ఒకటో గట్టులో బడి హాస్టల్లో ఉండి చదువుకుని, పోయిన ఏడాది నమోదు గుమాస్తాగా తిరిగి వచ్చాను. పోలికకు ఒక పట్టిక, రోజువారీ దినచర్య రాసి ఇవ్వాలని పడవ అధికారి ఇమ్మానియేలు గారు చెప్పారు.

రాగి రంగుదాని పేరు జాబిలి. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. బూడిద రంగుది మేరువు. ఇటుకంత మందం. మూత తీయడానికి రెండు చేతులూ కావాలి.

తూము చక్రం తిప్పే గంగరాజు బాబాయి రెండింటి చుట్టూ తిరిగి చూశాడు. "పెద్దదే ఉంచుకోవే వేణీ. రేపు పాడైపోయినా పచ్చడిజాడీ మీద బరువుకి పనికొత్తది" అన్నాడు.

పట్టికలో ఆరు వరసలు గీశాను. బరువు, ఎండలో తెర, మీటలు, బ్యాటరీ, ఉప్పుగాలికి ఓర్పు, వినికిడి. అన్నిటికంటే చివరిదే ముఖ్యం.

2వ రోజు

వినికిడి ఎందుకు ముఖ్యమో మండలి వాళ్ళ కోసం రాయాలి.

మా పెద్దమ్మ నూకరత్నం ఈ గట్టుకు నీళ్ళు చూసే మనిషి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నలభై ఏళ్ళుగా రోజుకు రెండుసార్లు తూము దగ్గర కూర్చుని, నీటి రంగు చూసి, నురగ చూసి, నాలుక మీద వేసుకుని, తలుపు ఎత్తమనో దించమనో చెబుతుంది. ఏటినీరు తియ్యగా ఉన్నప్పుడు లోపలికి వదలాలి. సముద్రం పోటెక్కినప్పుడు ఆపాలి. ఒక్కసారి ఉప్పునీరు మడుల్లోకి వచ్చిందంటే మూడేళ్ళు ఆ మట్టిలో ఏదీ మొలవదు. నీటిలో వేసిన పరికరాలేవీ ఇక్కడ రెండు నెలలు మించి బతకలేదు. పెద్దమ్మ నాలుకే మా పరికరం.

ఆమె గొంతులో గడ్డ లేచింది. ఇరవై నాలుగో రోజు పడవలో ఆసుపత్రికి తీసుకెళతారు. మనిషి దక్కుతుంది, గొంతు దక్కదు అని డాక్టరుగారు చెప్పారు. ఆమెకు అక్షరం రాదు. అందుకని ఈలోపు ఆమెకు తెలిసిందంతా నోటితో చెప్పించి యంత్రంలో ఎక్కించాలి. ఆ తర్వాత యంత్రం చెప్పినట్టు బాబాయి చక్రం తిప్పుతాడు.

బేసి రోజుల్లో జాబిలి, సరి రోజుల్లో మేరువు. దేనిమీదా పక్షపాతం లేదు.

ఈరోజు మేరువు వంతు. పెద్దమ్మ దాని ముందు కూర్చుని, "ఏం సెప్పమంటావే దీనికి?" అంది. మేరువు ఏమీ అనలేదు. దానికి వినడమే తప్ప బదులు చెప్పడం లేదు. పెద్దమ్మ నావైపు చూసి, "నిద్దరోతందా?" అని అడిగింది.

3వ రోజు

జాబిలిది వేరే తీరు.

"నీల్లు మబ్బుగా ఉండి, గాలి ఇటునించి తిరిగిందనుకో..." అని పెద్దమ్మ ఆగింది. గొంతు నొప్పికి ఈమధ్య ప్రతి మాటకూ ఆగుతోంది.

"తలుపు ఒక జానెడు దించాలి" అంది జాబిలి మెత్తగా, ఆడగొంతుతో.

పెద్దమ్మ ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. "ఆఁ. అంతే" అంది.

గంటలో ఇరవై రెండు వాక్యాలు ఎక్కాయి. నిన్న మేరువులో తొమ్మిదే ఎక్కాయి. వాటిలోనూ నాలుగింటికి తోక లేదు.

5వ రోజు

మండలి వాళ్ళు దీన్ని ఎవరిచేత తయారు చేయించారో గాని, జాబిలికి మా గట్టు మర్యాద తెలుసు.

మా వాళ్ళు పది పన్నెండు మునిగిన ఊళ్ళనుంచి వచ్చి ఈ గట్టు కట్టారు. ఒకరి మాట ఒకరికి సరిగా అర్థమయ్యేది కాదట. అందుకని ఎవరైనా మాట తడుముకుంటుంటే ఎదుటివాళ్ళు ఆ మాట అందించేవాళ్ళు. అదే అలవాటై ఆచారమైంది. మా దగ్గర అందించిన మాటను ఎవరూ కాదనరు. మనం చెప్పబోయింది అది కాకపోయినా, "ఆఁ, అంతే" అని పుచ్చుకుంటాం. అసలు సంగతి తర్వాత ఇంకొకరితో చెబుతాం. అది తిరిగి తిరిగి చేరవలసిన చోటికి చేరుతుంది. అందించిన మాటను మొహం మీద కాదనడమంటే, ఇచ్చిన మంచినీళ్ళ చెంబును తోసేయడమే. బడిలో చేరిన కొత్తల్లో, నేను చెప్పబోయేదాన్ని టీచరు ముందే అనేస్తే, తప్పయినా అవునండీ అనేదాన్ని. అందుకు చాలా మార్కులు పోయాయి.

జాబిలి కూడా మాట అందిస్తుంది. వినికిడి వరసలో దానికి తొమ్మిది వేశాను. మేరువుకు నాలుగు.

8వ రోజు

మీటలు తుడవడానికే పొద్దంతా సరిపోయింది. మనిషికి రోజుకు రెండు చెంబుల మంచినీళ్ళు. నా వాటాలో నుంచి గుడ్డ తడిపి ఒక్కొక్క మీటా తుడిచాను. జాబిలి మీటలు పలచన, కింద ఉప్పు చేరదు. మేరువు మీటల మధ్య సందులెక్కువ, ఈనెపుల్ల పెట్టి గీకాలి. ఎండలో జాబిలి తెర బాగా కనబడుతుంది. మేరువు బ్యాటరీ మూడు రోజులు వస్తుంది, జాబిలిది ఒకటిన్నర. అన్నీ రాశాను.

మధ్యాహ్నం గంట మోగాక అందరం లోపలే ఉంటాం కదా, ఆ ఎండవేళ పెద్దమ్మ రెండు యంత్రాలనూ చూస్తూ పడుకుంది.

"పెద్దకోడలు పెద్దకోడలే. నోరిప్పదు" అంది మేరువును చూపించి. "చిన్నకోడలు గలగలమంటది. నా నోట్లో మాట నోట్లో ఉండగానే అందుకుంటది."

"ఏది నచ్చింది పెద్దమ్మా?"

"చిన్నదైతే నాకు కట్టం లేదే. పెద్దదాంతో మాటాడితే అలుపొచ్చేత్తంది. అంతా నేనే ఎతుక్కోవాలి."

ఆ మాట పట్టికలో రాసుకున్నాను. వాడేవారి సౌకర్యం: జాబిలి.

12వ రోజు

పడవ వచ్చి వెళ్ళింది. ఇమ్మానియేలు గారు పట్టిక చూసి, "ఇంత శుభ్రంగా ఏ గట్టులోనూ రాయలేదమ్మా" అన్నారు. ఆ మాటకు రోజంతా సంతోషంగా ఉంది.

16వ రోజు

మేరువు వంతు. సాయంత్రం ఎండ తగ్గాక దాన్ని తూము దగ్గరికి మోసుకెళ్ళాను. భుజం లాగేసింది.

పెద్దమ్మ ఎర్రనీరు గురించి మొదలుపెట్టింది. వానాకాలంలో ఏటికి మొదట వచ్చే వరదను మేం ఎర్రనీరంటాం. ఏడాదిలో మా మడులకు అందే పెద్ద తీపినీరు అదే. అది నింపుకుంటేనే నారు బతికేది.

నేను ఆమె ఎంతెంత సేపు ఆగుతుందో వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతూ కూర్చున్నాను. మేరువు ఖాళీలకు ఒక సగటు తేల్చాలని.

"ఎర్రనీరు పైన తియ్యగుంటది" అంది. పదిహేడు లెక్కపెట్టాను. "తియ్యగుంటది గందా అని..." ఆగింది. ఈసారి నలభై దాటింది. ఇంత పెద్ద ఖాళీ ఇదే మొదలు. తర్వాత ఏదో కొంత చెప్పింది. మళ్ళీ ఆగింది. నేను అప్పటికింకా ఆ పెద్ద ఖాళీకి నలభై మూడు అని రాసుకుంటూనే ఉన్నాను.

ఈ సాయంత్రం మొత్తం పదకొండు ఖాళీలు. పూర్తి వాక్యాలు మూడు.

17వ రోజు

పోలిక సరిగా ఉండాలంటే రెండు యంత్రాలకూ ఒకే విషయం చెప్పాలి. జాబిలి ముందు ఎర్రనీరు సంగతి మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

"ఎర్రనీరు వచ్చిందనుకో..."

"తలుపు పూర్తిగా ఎత్తి, తీపినీటితో మడులు నింపుకోవాలి" అంది జాబిలి.

పెద్దమ్మ దానివైపు కాసేపు చూసింది. "ఆఁ. అంతే" అంది. తర్వాత నావైపు తిరిగి, "పెద్దకోడలికి సెప్పాను కదే" అంది.

"దీనికీ చెప్పాలి పెద్దమ్మా. పోలిక కోసం."

"దానికి సెప్పాను కదా మరి. ఇద్దరూ ఒకింటోల్లే. ఒకల్తో ఒకలు సెప్పుకోరా?"

నాకు నవ్వొచ్చింది. అవి అలా చెప్పుకోవని వివరించాను. ఆమె వింటూనే గొంతు పట్టుకుని లోపలికి వెళ్ళి పడుకుంది.

23వ రోజు

పట్టిక పూర్తయింది. చివర ఏడో వరస కూడా కలిపాను. పూర్తి వాక్యాలు, నూటికి: జాబిలి నూరు, మేరువు అరవై ఒకటి.

బడిలో మాకు మొదట నేర్పింది ఖాళీ గడి వదలకూడదనే. తెలియకపోయినా ఏదో ఒకటి రాసి నింపమనేవాళ్ళు. మేరువు పేజీలు చూస్తే నాకు భయమేసింది. ఒక మాట, తర్వాత చుక్కలు, మళ్ళీ సగం మాట. రేపు పెద్దమ్మ గొంతు లేని రోజున ఆ చుక్కలు చూసి బాబాయి తూము ఎలా తిప్పుతాడు?

జాబిలి ఉంచుకుందామని రాసి సంతకం పెట్టాను.

24వ రోజు

పడవ వచ్చింది. పోటు తగ్గేలోపు బయలుదేరాలి.

ఇమ్మానియేలు గారు మేరువును బల్ల మీద పెట్టి, "ఇది వేరే గట్టుకు వెళుతుంది, లోపలున్నదంతా తుడిచెయ్యాలి. నీ వేలిముద్ర కావాలమ్మా" అన్నారు. తర్వాత, "ఇందులో ఉన్నది దాంట్లోకి ఎక్కించుకున్నావా? లేకపోతే ఒక గంట ఆగుతాను" అన్నారు.

"అక్కర్లేదండీ. ఇందులో అన్నీ సగం వాక్యాలే. పూర్తివి అందులో ఉన్నాయి. ఇవి కలిపితే అవి కూడా పాడవుతాయి" అన్నాను.

వేలు పెట్టాను. తెర మీద ఒక గీత ఎడమనుంచి కుడికి నడిచింది. కుండలో అన్నం వార్చినంత సేపు కూడా పట్టలేదు.

పెద్దమ్మను చాపమీద పడుకోబెట్టి పడవ ఎక్కించారు. ఎక్కిస్తుంటే బాబాయిని పిలిచింది. "గంగరాజా, తూము పై సెక్కలకి నూనె రాయించు. బిగుసుకుపోయుంటాయి" అంది.

"అలాగేలే వదినా, నువ్వు ముందు నీ సంగతి చూసుకో" అన్నాడు బాబాయి.

నాతో, "ఎండలో తిరక్కే" అంది. ఆమె గొంతుతో నేను విన్న చివరి మాట అదే.

33వ రోజు

ఎర్రనీరు వచ్చింది. ఇరవై రోజులు ముందే.

ఏరు ఇటుకపొడి కలిపినట్టు అయింది. గట్టంతా తూము దగ్గరికి చేరారు. జాబిలిని అడిగాను. తలుపు పూర్తిగా ఎత్తి మడులు నింపుకోవాలని నూకరత్నం గారు చెప్పారంది. నాకూ గుర్తుంది, నా ముందే ఆఁ అంది. నీళ్ళు దోసిట్లో తీసి రుచి చూశాను. తియ్యగా ఉన్నాయి. బాబాయి కూడా చూశాడు. "పంచదారలాగున్నాయే" అన్నాడు.

చక్రం తిప్పాడు. తలుపు అడుగునుంచి లేచింది. పిల్లలు నీళ్ళ వెంట పరిగెత్తారు.

35వ రోజు

ముప్పై ఒక్క నారుమడుల్లో పందొమ్మిది తెల్లబడ్డాయి. ఆకు కొసలు కాగితంలా ఎండి చుట్టుకున్నాయి. మట్టి నాలుకకు చేదుగా తగులుతోంది. పోయినవాటిలో నాలుగు బాబాయివి.

పైన తియ్యగా ఉన్న నీళ్ళు కింద ఎలా ఉప్పగా అయ్యాయో ఎవరికీ అర్థం కాలేదు. జాబిలిని అడిగాను. అది వెంటనే చెప్పింది. వరద నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తీపినీరు పైన పారుతుంటే, ఉప్పునీరు అడుగున ఎదురుగా పాకుతూ వస్తుంది. తలుపు అడుగునుంచి ఎత్తితే ముందు వచ్చేది ఆ ఉప్పునీరే. తలుపు కదపకుండా, దాని పైన బిగించిన చెక్కలు మాత్రం ఒక్కొక్కటీ తీయాలి.

"మరి మొన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మొన్న మీరు నూకరత్నం గారి పద్ధతి అడిగారు. తలుపు ఎత్తాలన్న మాటను ఆమె పదిహేడో రోజున ధ్రువీకరించారు."

ధ్రువీకరించారు. ఆమె తన నోటితో అన్నవి ఏవో, నువ్వు అందించినవి ఏవో విడదీసి చూపించగలవా అని అడిగాను. చూపించగలనంది. అందించినవాటిని వాలు అక్షరాల్లో పెట్టింది. నేను ఒక్కసారి, ఇరవై నాలుగు రోజుల్లో ఏ ఒక్కరోజైనా, ఈ మాట అడిగి ఉంటే అప్పుడే చూపించేది.

పేజీలన్నీ గాలికి వంగిన గడ్డిలా పక్కకు వాలిపోయాయి. నాలుగు వందల పన్నెండు వాక్యాల్లో పూర్తిగా నిలువు అక్షరాల్లో ఉన్నవి ఇరవై ఆరు. వాటిలో పద్నాలుగు "ఆఁ. అంతే."

ఈ దినచర్యలో పదహారో రోజు తీసి చదివాను. తర్వాత ఏదో కొంత చెప్పింది అని రాసి ఉంది. ఆ ఏదో ఏమిటో గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. నలభై మూడు గుర్తొచ్చింది.

36వ రోజు

పెద్దమ్మ తిరిగి వచ్చింది. మెడకు తెల్లగుడ్డ కట్టారు. ముఖం తేలికపడినట్టుంది. పడవ దిగి నేరుగా మడుల దగ్గరికి నడిచింది. వంగి మట్టి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. తూము వైపు తిరిగి, పై చెక్కలు చూసింది. వాటికి బాబాయి నూనె రాయించలేదు. రాయించినా ఏం లాభం, ఎందుకో మాకు తెలియనప్పుడు.

బాబాయి ఆమె ముందు తల వంచుకుని, "నేను సక్రం తిప్పేవోన్నే గాని నీల్లు సూసేవోన్ని కాదు వదినా. ఎన్నడూ నీ మాట ఇనే తిప్పాను" అన్నాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇమ్మానియేలు గారిని మేరువు సంగతి అడిగాను. ఐదో గట్టులో నేతపని వాళ్ళు తీసుకున్నారట. "తుడిచింది నీ ముందే కదమ్మా" అన్నారు. ఒక కాగితం ఇచ్చారు. మీ ఎంపికతో తృప్తిగా ఉన్నారా అని ఒక ప్రశ్న, ఐదు గడులు. ఖాళీగా తిప్పి ఇచ్చేశాను.

38వ రోజు

ఒక ఆలోచన వచ్చింది. మాట లేకపోయినా తల ఊపగలదు కదా. జాబిలిలోని వాక్యాలన్నీ ఒక్కొక్కటీ చదివి, నిజమో కాదో పెద్దమ్మతోనే చెప్పించుకోవచ్చు.

పొద్దున్నే కూర్చున్నాం. మొదటిది చదివాను. "నువ్వు చెప్పబోయింది ఇదేనా పెద్దమ్మా?" తల ఊపింది. రెండోదానికీ ఊపింది. ఇరవై వాక్యాలయ్యాక అనుమానం వచ్చింది. కావాలని ఒక అబద్ధం కల్పించాను. "అమావాస్య పోటుకు తలుపు ఎత్తి ఉంచాలి. ఇదేనా?"

నా ముఖంలోకి చూసింది. కళ్ళు నవ్వాయి గాని, తల మాత్రం నిలువునే ఊగింది.

అమావాస్య పోటుకు తలుపు ఎత్తితే గట్టే మునుగుతుంది. అది నాకు కూడా తెలుసు. ఆమె అది అలసటతో చేయలేదు, అజ్ఞానంతో చేయలేదు. నేను మాట అందించాను. ఆమె పుచ్చుకుంది. ఇదివరకైతే సాయంత్రం బాబాయితోనో, నీళ్ళ రేవులో ఎవరితోనో అసలు సంగతి చెప్పేది. అది నా దగ్గరికి వచ్చేది. ఇప్పుడు చెప్పడానికి గొంతు లేదు.

జాబిలికి మర్యాద తెలుసని రాసింది నేనే. బయటివాళ్ళెవరైనా అయితే, ఆ పలచటి యంత్రం ముసలామెను మాట్లాడనివ్వడం లేదని మొదటిరోజే చూసేవాళ్ళు. నాకు అది మా ఇంటి పద్ధతిలా కనబడింది. చదువుకున్నదాన్ని కనుక దానికి మార్కులు కూడా వేశాను.

44వ రోజు

బాబాయితో దెబ్బలాట అయింది. ఆయన మిగిలిన పన్నెండు మడులకు నీళ్ళు ఎలా పెట్టాలని అడుగుతున్నాడు. తలుపు ఎత్తమంటావా అన్నా, దించమంటావా అన్నా పెద్దమ్మ తల నిలువునే ఊపుతోందట. యంత్రాన్ని అడగనంటున్నాడు.

"నువ్వే సెప్పు" అన్నాడు.

"నాకేం తెలుసు బాబాయ్?"

"మరి తొమ్మిదేల్లు ఏం సదివావు? నువ్వు ఎల్లకపోతే ఈపాటికి మీ పెద్దమ్మ పక్కన కూసుని ఇదంతా నేర్సుకునేదానివి. మా అమ్మి సదూకుంటాంది, దానికి ఈ బురద వద్దని వదినే అంది. ఎవరు అడిగినా అదే అంది." అలా అని, తర్వాత తనే నొచ్చుకుని, "పోనీలే, తిన్నావా?" అన్నాడు.

పెద్దమ్మ నన్ను బురదలోకి రానివ్వలేదన్న సంగతి నాకు ఇంతవరకు తెలియదు. నేనే తప్పించుకున్నాననుకునేదాన్ని.

47వ రోజు

తెల్లవారి పెద్దమ్మ వెనకాలే తూము దగ్గరికి వెళ్ళాను. జాబిలిని తీసుకెళ్ళలేదు. ఏమీ అడగదలచుకోలేదు. ఆమె నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. నేనూ దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాను.

"తియ్యగానే ఉన్నాయి" అన్నాను. ఆమెతో కాదు. నాలో నేను అనుకున్నట్టు అన్నాను.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

నాకు ముందు అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఆమె ఎవరినీ అలా కాదనడం నేను చూడలేదు. తర్వాత తెలిసింది. ఇదేనా నీ మాట అని అడిగితే అది నేను అందించిన మాట. నాకు ఇలా ఉంది అంటే అది నా సొంత మాట. దాన్ని కాదంటే ఎవరి చెంబూ తోసినట్టు కాదు. నేర్చుకునే పిల్లను దిద్దినట్టు.

ఇంకోసారి పోసుకున్నాను. "కొంచెం ఉప్పగా ఉన్నాయి." అడ్డంగా ఊపింది. "చప్పగా ఉన్నాయి." అడ్డంగానే. ఆమె నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, వేలు తడిపి నాలుక కింద పెట్టింది. నాలుక మీద కాదు, కింద. అక్కడ ఒక సన్నటి మంట తగిలింది.

"మండుతోంది" అన్నాను.

కదలకుండా నన్నే చూసింది. అవునని కూడా ఊపలేదు. ఇంకా ఏదో మిగిలి ఉంది, దాని పేరు నాకు తెలియదు. నేను ఆగాను.

53వ రోజు

రోజూ రెండుసార్లు వెళుతున్నాం. రోజుకు ముప్పైసార్లు తప్పు చెబుతున్నాను, ముప్పైసార్లు కాదంటోంది. ఊపి ఊపి మెడ దగ్గర కుట్లు నొప్పెడుతున్నాయేమో, ఇప్పుడు చూపుడువేలు ఆడిస్తోంది. బాబాయి పక్కన కూర్చుని చక్రానికి గ్రీజు రాస్తూ, "మీ ఇద్దరి కోట్లాట బాగుంది. నిన్ను ఇన్నిసార్లు కాదన్నవాల్లు మీ బల్లో కూడా లేరేమో" అంటాడు.

ఆమె కాదననివి ఇప్పటికి ఐదు పోగయ్యాయి. వాటినే నోటుపుస్తకంలో చేత్తో రాస్తున్నాను. ఐదూ ఈ నెల నీటివి. చలికాలపు పోటు ఎలా ఉంటుందో చూడాలంటే ఐదు నెలలు ఆగాలి. గాలి తిరిగే నెల కోసం ఎనిమిది. ఎర్రనీరు మళ్ళీ ఏడాదికి గాని రాదు. పెద్దమ్మను ఆరునెలలకొకసారి తీసుకొచ్చి చూపించమని డాక్టరుగారు రాశారు. ఎన్ని ఆరునెలలో రాయలేదు. ఇరవై నాలుగు రోజుల్లో ఆమె అన్నీ, అన్ని కాలాలవీ, ఒకదాని తర్వాత ఒకటి, తన సొంత మాటల్లో చెప్పింది. అవి విన్న యంత్రం ఒకటి ఉండేది. నేనూ పక్కనే ఉన్నాను.

58వ రోజు

ఈ సాయంత్రం ఏరు కొద్దిగా రంగు మారింది. పన్నెండు మడులకు నీళ్ళు కావాలి. బాబాయి చక్రం దగ్గర నిలబడి నావైపు చూస్తున్నాడు.

పెద్దమ్మ గెడకర్రకు సీసా కట్టి నాలుగు మూరల లోతునుంచి నీళ్ళు తీసింది. వేలితో నా నాలుక కింద పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. మంట లేదు. తీపి లేదు. తుప్పులాంటిది ఏదో ఉందో, లేదో. ఎత్తమంటే ఏమవుతుందో, వద్దంటే ఏమవుతుందో తెలుసు. బడిలో అయితే ఏదో ఒకటి రాసేదాన్ని.

"నాకు తెలియడం లేదు పెద్దమ్మా" అన్నాను.

బాబాయి చక్రం మీద నుంచి చేయి తీసి, గట్టు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ సీసా పారబోసి, గెడ మళ్ళీ నీళ్ళలోకి దించింది.